క్రూజ్ ప్రయాణంలో గది, భోజనం, వైన్: అపోహలు - వాస్తవాలు

విశాఖ పోర్టులో 2023లో క్రూజ్ టెర్మినల్ తెరిచారు. అయినా విజయనగరం, శ్రీకాకుళం నుంచి బయల్దేరేవాళ్ళలో ఎక్కువమంది ఇప్పటికీ చెన్నై, ముంబై, సింగపూర్‌లకు వెళ్ళి ఓడ ఎక్కుతున్నారు. ఎక్కడ ఎక్కినా ప్రయాణం ఎలా సాగుతుందన్నది చాలావరకు బుకింగ్ రోజునే తేలిపోతుంది. ఓడ కదిలాక గది మార్చమంటే ఖాళీ దొరకదు. కూరలో ఉల్లిపాయ వద్దంటే అప్పటికే వండేసి ఉంటారు. టికెట్లు చేసే మా బల్ల దగ్గర తరచూ వినబడే అపోహలను ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: పై అంతస్తు గది, ఎక్కువ ధర గది అంటే మంచి గది.

వాస్తవం: ఓడకు రెండు రకాల ఊపు ఉంటుంది. ఒకటి ముందూ వెనకా లేచి పడడం, రెండోది పక్కలకు ఒరగడం. పిల్లలు ఆడే తూగుబల్ల నడుమ కూర్చున్నవాడికి కుదుపు తెలియనట్టే, ఓడ మధ్యభాగంలో కింది డెక్‌లో ఉన్నవాళ్ళకు రెండు ఊపులూ తక్కువగా తెలుస్తాయి. పైకి వెళ్ళేకొద్దీ ఒరుగు పెరుగుతుంది, కొనలకు వెళ్ళేకొద్దీ లేచిపడడం పెరుగుతుంది. ఓడ పక్కల ఉండే స్టెబిలైజర్ రెక్కలు ఒరుగును మాత్రమే అదుపు చేస్తాయి. ముందూ వెనకా లేవడాన్ని ఆపలేవు.

ధర కన్నా ముందు చూడాల్సింది డెక్ ప్లాన్. ఓడ కంపెనీల వెబ్‌సైట్లలో అంతస్తుల వారీగా బొమ్మలుంటాయి. మీ గది నెంబరు పట్టుకుని దానికి సరిగ్గా పైన ఏముంది, కింద ఏముంది అని చూడండి. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. కింద థియేటర్ గానీ డిస్కో గానీ ఉంటే అర్ధరాత్రి దాకా డప్పు మోత నేలలోంచి వస్తుంది. మరీ ముందుభాగంలో కింది గదులకు, ఓడ రేవు చేరే తెల్లవారుజామున లంగరు గొలుసు, పక్కకు తోసే యంత్రాల మోత తప్పదు. పైనా కిందా కూడా ప్రయాణికుల గదులే ఉన్న గది అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉంటుంది, ధర తక్కువైనా సరే. పక్క గదికి లోపలి తలుపు ఉందా అని కూడా చూడండి. కుటుంబం మొత్తం రెండు గదుల్లో ఉంటే ఆ తలుపు వరం. పక్కన తెలియనివాళ్ళుంటే మాత్రం వాళ్ళ మాటలన్నీ మీ చెవిలో పడతాయి.

ఇంకొక్క మాట. 'గ్యారంటీ క్యాబిన్' అని చౌకగా అమ్మేదాంట్లో గదిని కంపెనీయే ఎంచుతుంది. ఓడ ప్రయాణం పడనివాళ్ళు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

అపోహ: కిటికీ లేని గదిలో ఊపిరాడదు.

వాస్తవం: అన్ని గదులకూ ఒకే ఏసీ వ్యవస్థ. లోపలి గదిలో చిమ్మచీకటి కాబట్టి నిద్ర బాగా పడుతుంది. అసలు ఇబ్బంది చోటు చాలకపోవడం. చాలా ఓడల్లో అది 140 నుంచి 180 చదరపు అడుగులే. నలుగురు ఉంటే ఇద్దరు గోడకు మడిచిన పై పడకల మీదికి నిచ్చెన ఎక్కాలి. నాన్నమ్మను, తాతయ్యను ఆ గదిలో పెట్టడం అన్యాయం. వాళ్ళకు వేరే గది తీసుకుని, బాత్రూం గుమ్మం ఎత్తెంత, పట్టుకునే కడ్డీ ఉందా అని ముందే అడగండి.

రెండు రాత్రుల ప్రయాణానికి బాల్కనీ కొనడం దండగ అని మా అభిప్రాయం. పగలు ఎలాగూ పై డెక్‌లోనే గడిచిపోతుంది. నార్వే, అలాస్కా తీరాల వెంట వెళ్ళే ఓడల్లో మాత్రం బాల్కనీకి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటవుతుంది. 'అడ్డం ఉన్న వ్యూ' అని రాసి ఉంటే సాధారణంగా కిటికీ ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతుందని అర్థం.

అపోహ: 'వెజ్' అని చెబితే చాలు.

వాస్తవం: చాలదు. విదేశీ ఓడల వంటగదిలో శాకాహారం అంటే పైకి మాంసం ముక్క కనబడకపోవడమే అనుకునేవాళ్ళుంటారు. కూరగాయల సూప్‌ను కోడి ఎముకల నీళ్ళతో కాయవచ్చు. థాయ్ కూరల్లో చేప సాస్ పడుతుంది. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. అసలైన పార్మెజాన్ చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసే రెనెట్‌తోనే చేస్తారు. పన్నా కోట్టా లాంటి మెత్తని తీపి వంటకాల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అందుకే ఏం తింటారో చెప్పి ఊరుకోకుండా, ఏం తినరో విడివిడిగా రాయించండి: మాంసం, చేప, గుడ్డు, ఎముకల నీళ్ళు, జెలటిన్, రెనెట్.

బుకింగ్ అప్పుడే ఇవి నమోదు చేయించి, ఆ కాగితం ప్రింటు తీసుకోండి. ఓడ ఎక్కిన సాయంత్రమే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ను కలిసి అది చూపించండి. తర్వాత ప్రతి రాత్రీ భోజనం అయ్యాక మర్నాటి మెనూ అడిగి అప్పుడే ఎంచుకుంటే, మీ వంటకం వేరుగా చేసే తీరిక వంటవాళ్ళకు ఉంటుంది. చాలా ఓడల్లో భారతీయ వంటవాళ్ళున్నారు. ముందురోజు అడిగితే పప్పు, అన్నం, ఒక కూర దొరుకుతాయి. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్ళు 'జైన్ భోజనం' అని రాయించడం తేలిక. కాకపోతే అందులో బంగాళాదుంప, క్యారెట్ లాంటి దుంపలూ ఉండవు.

ఇంటి పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర కట్టుకెళ్తామంటే చాలా ఓడలు గేటు దగ్గరే తీయించేస్తాయి. సీలు వేసిన పొడుల పొట్లాలు, పలాస జీడిపప్పు ప్యాకెట్లు మామూలుగా రానిస్తారు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె మాత్రం సామాను స్కానింగ్‌లోనే ఆగిపోతాయి.

అపోహ: బఫే ఒక్కటే ఉచితం.

వాస్తవం: కూర్చోబెట్టి వడ్డించే ప్రధాన డైనింగ్ హాలు కూడా టికెట్లోనే ఉంటుంది. విడిగా డబ్బు కట్టాల్సింది స్పెషాలిటీ రెస్టారెంట్లకే. రాత్రి భోజనానికి రెండు విడతలుంటే, షుగరు మందు వేసుకునేవాళ్ళు మొదటి విడత తీసుకోవాలి. రెండో విడతలో తిండి తొమ్మిది దాటాక పడుతుంది.

అపోహ: డ్రింక్స్ ప్యాకేజీ తీసుకుంటే లాభమే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. తాగినా తాగకపోయినా రోజుకు ఇంత అని ముందే కట్టే ఆ ప్యాకేజీ 70 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 శాతం సర్వీసు చార్జీ కలిపితే 82.60. విడిగా కొంటే గ్లాసు వైన్ 12 డాలర్లయితే, అదే చార్జీతో 14.16. అంటే రోజుకు ఆరు గ్లాసులు తాగితేనే పెట్టిన డబ్బు వస్తుంది, అదీ పగలంతా ఊళ్ళు తిరిగొచ్చిన రోజుల్లో కూడా. పైగా చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒక పెద్దమనిషి ప్యాకేజీ తీసుకుంటే రెండో పెద్దమనిషీ తీసుకోవాలి. భర్త తాగుతాడు, భార్య తాగదు అంటే ఆ లెక్క అక్కడే తప్పుతుంది.

భోజనంతో ఒక గ్లాసు చాలనుకునే దంపతులకు సీసా కొనడం నయం. 750 మి.లీ. సీసాలో 150 మి.లీ. గ్లాసులు ఐదు. మిగిలినదాన్ని గది నెంబరు చీటీ అంటించి మర్నాటికి దాచమంటే దాస్తారు.

సొంత సీసా విషయం కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని అసలు రానివ్వవు. చాలా అమెరికన్ ఓడలు ఎక్కే రోజున ఒక్కో పెద్దమనిషికి 750 మి.లీ. వైన్ ఒక సీసా చేతిసంచిలో తెచ్చుకోనిస్తాయి. దాన్ని డైనింగ్ హాల్లో తెరిస్తే 15 డాలర్ల చుట్టూ కార్కేజ్, అంటే సీసా తెరిచే రుసుము పడుతుంది. రేవుల్లో కొన్న విస్కీ, రమ్ము తీసుకుని దాచి, ఆఖరి రోజున ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు మన కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించేది మనిషికి 2 లీటర్లు.

అపోహ: మన కారానికి రెడ్ వైనే సరిజోడు.

వాస్తవం: కారం మీద ఎక్కువ ఆల్కహాల్, వగరు పడితే మంట పెరుగుతుంది. ముదురు రెడ్ వైన్‌లో రెండూ ఉంటాయి. మసాలా కూరతో లేత తీపి ఉండి, ఆల్కహాల్ 8 నుంచి 11 శాతం ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్ అడగండి. మన దేశపు ఓడల్లో నాసిక్ వైట్ వైన్ షెనిన్ బ్లాంక్‌లో తీపి రకం ఉందేమో చూడండి. పులుసు కూరలకు పులుపున్న వైట్ వైన్ సోవిన్యోన్ బ్లాంక్ నప్పుతుంది, ఎందుకంటే కూర కన్నా వైన్‌లో పులుపు తగ్గితే వైన్ చప్పగా తోస్తుంది. వెయిటర్ ముందుగా కాస్త పోసి చూపించేది నచ్చిందో లేదో చెప్పమని కాదు, పాడైందేమో చూడమని. తడిసిన అట్టముక్క వాసన వస్తే బిరడా చెడిందని అర్థం. మొహమాటపడకుండా మార్చమనండి.

అపోహ: ఖాళీ కడుపుతో ఉంటే వాంతులు రావు.

వాస్తవం: ఖాళీ కడుపే ఎక్కువ తిప్పుతుంది. ఉప్పు బిస్కెట్లు, అన్నం, అల్లం కొద్దికొద్దిగా తినండి. డెక్ మీదికి వెళ్ళి సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడండి. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలల పోటు ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన శ్రీకాకుళం వాళ్ళకు సెప్టెంబరు తర్వాతి నెలల సంగతి చెప్పక్కర్లేదు. తుపాను వస్తే ఓడ దారి మారుస్తుంది, మానేసిన రేవుకు సాధారణంగా పోర్టు చార్జీ మాత్రమే తిరిగిస్తారు. ప్రయాణపు వాంతుల మాత్ర కడుపులో తిప్పు మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచేయదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. అవి మత్తు తెప్పిస్తాయి కాబట్టి ఆ రోజు వైన్ ముట్టవద్దు. బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు బయల్దేరే ముందే డాక్టరును అడిగి ఏ మాత్ర వేసుకోవాలో రాయించుకోవాలి.