దుర్గం దారిలో లెక్క

ఉదయగిరి,
ఆదివారం రాత్రి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. మీరు కొనుక్కున్న చెక్క గరిటెల్లో ఒకటి ఇక్కడే మరచిపోయారు. అమ్మమ్మ పదిలంగా దాచింది, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకోండి.

దుర్గం ఎక్కుతున్నప్పుడు చిన్నది నన్నొక మాట అడిగింది. "తాతయ్యా, ఈ కొండకి రోజుకి ఎంతమంది వస్తారు?" అని. "చాలామంది వస్తారమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడు చెప్పాల్సిన జవాబు కాదది. ఆ రోజు నుంచి అది నా మనసులో ఉండిపోయింది.

500 ఏళ్ళ కిందట ఈ కొండ దగ్గర ఎంతమంది ఉన్నారో ఒకాయన రాసిపెట్టాడు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని ముట్టడించి, 1514లో పట్టుకున్నాడని మీరు చదివే ఉంటారు. అప్పుడు కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు వచ్చాయనీ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. అయితే ఆయన రాసింది యుద్ధం అయిన ఇరవై ఏళ్ళకి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి. ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు అన్నది అందులో లేదు. అంకె కనిపిస్తే ముందు అడగాల్సింది అదే.

ఆయనే ఇంకో మాట కూడా రాశాడు. కోటకి దారి ఒక్కటేననీ, అందులో మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగేవారనీ, రాయలు బండలు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించాడనీ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు చాలా దేశాల్లో కొండదారుల్లో, పార్కుల్లో మనుషుల్ని లెక్కపెట్టడానికి సెన్సర్లు పెడుతున్నారు. ఎక్కువగా వాడేది మన ఒంటి వేడిని కనిపెట్టే రకం. పొయ్యి మీది పెనానికి చెయ్యి తగలకపోయినా, దగ్గరికి వెళ్తే సెగ తెలుస్తుంది కదా. మన ఒంట్లోంచి కూడా అలాంటి సెగ ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది. కంటికి కనపడదు. మీ సైన్సు పుస్తకంలో పరారుణ కిరణాలు అని ఉంటాయే, అవే. సెన్సర్ లోపల ఆ వేడి తగిలితే కొద్దిగా కరెంటు పుట్టించే స్ఫటికం ఉంటుంది. దాన్ని రెండు ముక్కలుగా అమరుస్తారు. మనిషి ఎదురుగా నడిచి వెళ్ళినప్పుడు వేడి ముందు ఒక ముక్క మీద, తర్వాత రెండో దాని మీద పడుతుంది. ఆ తేడాని పట్టుకుని "ఒకటి" అని, టైముతో సహా రాసుకుంటుంది. మనిషి వస్తే తనంతట తానే వెలిగే లైటు చూశారుగా, దాని లోపల ఉండేది కూడా ఇదే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎవరు వెళ్ళారో దానికి తెలియదు. ముఖం చూడదు, పేరు అడగదు. కెమెరాలతో లెక్కపెట్టే పద్ధతి కూడా ఉంది, కానీ కొండెక్కి గాలి పీల్చుకుందామని వచ్చినవాళ్ళకి ఫోటో తీయడం ఎందుకు? కావలసింది లెక్క ఒక్కటే అయితే వేడి చాలు.

అయితే ఆ సెన్సర్ పెట్టెని ఎక్కడ బిగించామన్నదాన్ని బట్టే దాని లెక్క ఉంటుంది. నడుము ఎత్తులో, దారికి అడ్డంగా చూసేటట్టు పెట్టాలి. ఎదురుగా పొదలు ఉండకూడదు, ఎండకి కాగిన ఆకులు గాలికి ఊగినా అది మనిషే అనుకోవచ్చు. జనం ఆగి కబుర్లు చెప్పుకునే నీడ దగ్గర పెట్టకూడదు, ఒకే మనిషి అటూ ఇటూ తిరిగితే నలుగురవుతారు. ఇద్దరు భుజాలు రాసుకుంటూ నడిస్తే మాత్రం ఒకళ్ళే అవుతారు. అందుకే మనుషులు ఒకరి వెనక ఒకరు నడవక తప్పని ఇరుకు చోటు వెతుకుతారు. నూనిజ్ రాసిన దారి గుర్తొచ్చిందా? సైన్యానికి అడ్డమైన ఇరుకే లెక్కపెట్టేవాడికి అన్నిటికన్నా మంచి చోటు!

మన నెల్లూరు ఎండలతో ఇంకో చిక్కు ఉంది. ఈ సెన్సర్ చూసేది వేడిని కాదు, తేడాని. మన చర్మం సుమారు 33, 34 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున చల్లటి బండ ముందు నుంచి మనిషి వెళ్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎండ ఎక్కి బండ కూడా మన ఒంటి అంత వేడయ్యే వేళకి మనిషికీ బండకీ తేడా తగ్గిపోతుంది, అప్పుడు కొందరు లెక్కలోకి రారు. రోహిణి కార్తెలో చేసిన లెక్కనీ, సంక్రాంతి సెలవుల్లో చేసిన లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఈ సంగతి ఆలోచించాలి. పైగా మేకలు కూడా వేడిగానే ఉంటాయి. మంద కొండెక్కిన పూట జనం పెరిగినట్టు చూపించినా ఆశ్చర్యం లేదు.

వేరే రకాలూ ఉన్నాయి. దారికి అటూ ఇటూ రెండు గుంజలు పాతి, మధ్యలో కంటికి కనపడని కిరణం నడిపి, అది తెగినప్పుడల్లా లెక్కపెట్టేది ఒకటి. మట్టిదారి కింద పలక పాతిపెట్టి, అడుగు బరువుని బట్టి లెక్కపెట్టేది ఇంకొకటి. మన దుర్గం బండల దారిలో అది కుదరదు. కార్లు వచ్చే పార్కుల్లో రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టం పరుస్తారు, లేదా రోడ్డు కింద తీగ చుట్ట పెడతారు. అలా వచ్చిన బండ్ల లెక్కని, బండికి సగటున ఎంతమంది ఉంటారో దానితో గుణిస్తారు. అమెరికా జాతీయ పార్కుల్లో ఈ పద్ధతి చాలా చోట్ల ఉంది. కానీ అక్కడి కారుకి సరిపోయే సగటు మన ఆటోకి సరిపోదు. మనం ఆత్మకూరు నుంచి వచ్చిన ఆటోలో ఎంతమందిమి కూర్చున్నామో మీకు తెలుసు కదా. ఎక్కడి సగటు అక్కడే కట్టుకోవాలి.

ఆ అమెరికా పార్కులవాళ్ళ దగ్గర 1904 నుంచి లెక్కలు ఉన్నాయి. 2024లో 33 కోట్లకు పైగా రాకలు అని చెప్పారు. రాకలు అన్నాను, మనుషులు అనలేదు. రోజూ మేకలు తోలుకుని కొండెక్కే మనిషి నెలకి ముప్పై రాకలు, మనిషి మాత్రం ఒక్కడే. నల్లమల అడవిలో పులుల్ని లెక్కపెట్టేటప్పుడు ఈ చిక్కు రాదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, కెమెరాకి పదిసార్లు దొరికినా అది ఒకే పులి అని చెప్పగలరు. మన పెట్టెకి అది చేతకాదు, చేతకానక్కర్లేదు కూడా.

ఇప్పుడు అసలు పని. సెన్సర్ చెప్పిందే లెక్క అనుకోకూడదు. ఒక మనిషి దాని పక్కన కూర్చుని, కొన్ని గంటలు కళ్ళతో చూసి లెక్కపెట్టాలి. ఆ గంటల్లో మనం 100 మందిని చూశాం, పెట్టె 80 అంది అనుకుందాం. 100ని 80తో భాగిస్తే 1.25. నెలాఖరుకి పెట్టెలో 2,400 ఉంటే, 1.25తో గుణిస్తే 3,000. ఎక్కినవాళ్ళు అదే దారిలో దిగుతారు కాబట్టి అందులో సగం, 1,500 రాకలు. చూశారా, పెట్టె చెప్పిన 2,400కీ చివరికి వచ్చిన 1,500కీ ఎంత దూరమో! ఆదివారం గుంపులుగా వస్తారు, మంగళవారం ఒంటరిగా వస్తారు, కాబట్టి ఒక్క ఆదివారం కూర్చుని కట్టిన 1.25ని వారమంతా వాడకూడదు. ఆ రోజూ కూర్చోవాలి, ఈ రోజూ కూర్చోవాలి.

రెండు సెన్సర్లు పక్కపక్కన పెడితే, ఏది ముందు పలికిందో చూసి ఎక్కుతున్నారో దిగుతున్నారో కూడా చెప్పవచ్చు. అలాగైతే సాయంత్రానికి కొండ మీద ఎవరైనా మిగిలారేమో తెలుస్తుంది కదా అని పెద్దవాడు అంటాడు, నాకు తెలుసు. దానికి మాత్రం నేను ఒప్పుకోను. పందొమ్మిది మందిని ఇరవై అంటే నెల లెక్కలో పెద్ద తప్పు కాదు, సాయంత్రం లెక్కలో అది ఒక పిల్లవాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి 42 మంది పిల్లల్ని దుర్గం ఎక్కించి, కింద 41 మందిని లెక్కపెట్టాను. చీకటి పడుతోంది. మళ్ళీ పైకి వెళ్తే, మసీదు గోడ పక్కన నిద్రపోతూ కనిపించాడు. అప్పటి టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు. అలాంటి లెక్కకి కావలసింది పేర్లు రాసిన నోటు పుస్తకం, పేరు పిలిస్తే "ఉన్నాను సార్" అనే గొంతు.

సెన్సర్ లెక్క వేరే పనులకి కావాలి. ఏ నెలలో, ఏ వేళలో జనం ఎక్కువో తెలిస్తే మంచినీళ్ళు ఎక్కడ ఎన్ని ఉంచాలో, చెత్త ఎన్ని రోజులకొకసారి ఎత్తాలో, ఏ మెట్టు ముందు అరుగుతుందో చెప్పవచ్చు. "చాలామంది వస్తారు సార్" అని అర్జీ రాస్తే ఎవరూ కదలరు. అంకె రాసి, దాన్ని ఎలా కట్టామో కూడా రాస్తే అడిగే మాటకి బలం వస్తుంది.

మన దగ్గర సెన్సర్ లేదు. మీరు సంక్రాంతి సెలవులకి వచ్చేసరికి నేను చోటు చూసి ఉంచుతాను. దారి సన్నబడే చోట, ఎదురుగా బండ ఉండి, పక్కన నీడ లేని చోటు కావాలి. అమ్మమ్మ రెండు డబ్బాలు, చింతగింజలు సిద్ధం చేసింది. పెద్దవాడు ఎక్కేవాళ్ళకి గింజ వెయ్యాలి, చిన్నది దిగేవాళ్ళకి. గంటకొకసారి నేను నోటు పుస్తకంలో రాస్తాను. ఆరింటికల్లా అక్కడ ఉండాలి, కాబట్టి ముందురోజు రాత్రి ఫోన్లు చూడకుండా పడుకోవాలి. టోపీలు తెచ్చుకోండి.

మీ
తాతయ్య