దూరం సాగితే గడువూ సాగుతుంది

విశ్వం తొలినాళ్లలో కాలం ఐదు రెట్లు నెమ్మదిగా నడిచిందని 2023 జులైలో పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త పట్టుకుని డిగ్రీ చదివే ఒక పాఠకురాలు అడిగింది: “అయితే అప్పటి నక్షత్రాలు మనవాటికంటే ఐదు రెట్లు ఎక్కువ బతికాయా? విశ్వం వ్యాకోచిస్తుంటే దాంతోపాటు కాలం కూడా సాగుతోందా?”

అప్పటి నక్షత్రాలు అదనంగా ఏమీ బతకలేదు. అక్కడ సెకను అంటే సెకనే. అయినా ఆ వార్త అబద్ధం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే, ఖగోళశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం మీ చేతికి వచ్చినట్టే. వ్యాకోచం అంటే ఏమిటి, 1929లో హబుల్ ఏం చూశాడు అన్నవి చాలామంది చాలాసార్లు చెప్పారు కాబట్టి వాటిని వదిలేసి నేరుగా అసలు సంగతికి వస్తాను.

బెజవాడ బస్టాండు నుంచి గంటకో బస్సు హైదరాబాదుకు బయల్దేరుతోందనుకోండి. అన్నిటిదీ ఒకటే వేగం, మధ్యలో ఎక్కడా ఆగవు. మామూలు రోడ్డయితే ఎంజీబీఎస్‌కు కూడా గంటకో బస్సే వస్తుంది. ఇప్పుడు ఆ రోడ్డు ప్రతిచోటా సమానంగా సాగుతోందనుకుందాం. ముందు బస్సు సూర్యాపేట దాటుతుండగా వెనక బస్సు కోదాడ దగ్గర ఉంది. ఆ రెంటి మధ్య ఉన్న రోడ్డు కూడా సాగుతూనే ఉంది కదా! బస్సులు ప్రయాణంలో ఉన్నంతసేపట్లో రోడ్డు మొత్తం రెండింతలైతే వాటి మధ్య ఎడం కూడా రెండింతలవుతుంది. ఎంజీబీఎస్‌లో నిలబడినవాడికి రెండు గంటలకో బస్సు కనిపిస్తుంది. బెజవాడ గడియారం నెమ్మదించలేదు, హైదరాబాదు గడియారమూ నెమ్మదించలేదు. సాగింది దారి. దారితోపాటు, దారి మీద ఉన్న ఎడం.

కాంతి తరంగంలో ఒక్కో శృంగాన్నీ, అంటే పైకి లేచిన ఒక్కో కొసనూ, ఒక్కో బస్సు అనుకోండి. ఆకుపచ్చ కాంతిని వెదజల్లే వస్తువు నుంచి సెకనుకు సుమారు ఆరు కోట్ల కోట్ల శృంగాలు బయల్దేరతాయి. అవి దారిలో ఉండగా విశ్వం రెండింతలైతే మనకు సెకనుకు మూడు కోట్ల కోట్లే అందుతాయి. తరంగదైర్ఘ్యం రెట్టింపై, ఆకుపచ్చ కాస్తా కంటికి కనిపించని పరారుణమవుతుంది. దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటున్నాం. మన తరగతుల్లో దీన్ని డాప్లర్ ప్రభావమని చెప్పి, సూత్రం రాయించి, రెండు లెక్కలు చేయించి వదిలేస్తారు. రంగు మారిందన్న మాటలోనే వ్యవధి మారిందన్న మాట దాగి ఉందని విద్యార్థికి ఎవరూ చెప్పరు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. ఎందుకంటే కాంతి తరంగమే ఒక గడియారం. దాని టిక్కులు దూరమయ్యాయంటే, ఆ కాంతి మోసుకొచ్చే ప్రతి సంఘటన గడువూ అంతే మేర సాగి తీరాలి.

లెక్క కావాలనేవారి కోసం ఒక్క పేరా. విశ్వం ఒక క్షణంలో ఎంత మేరకు వ్యాకోచించి ఉందో చెప్పే సంఖ్య స్కేల్ ఫ్యాక్టర్. కాంతి దాటిన ప్రతి చిన్న దూరాన్నీ ఆ క్షణపు స్కేల్ ఫ్యాక్టర్‌తో భాగించి అన్నీ కూడితే, ఆ గెలాక్సీకీ మనకూ మధ్య వ్యాకోచంతో మారని ఒక దూరం వస్తుంది. అది మారదు కాబట్టి మొదటి శృంగానికీ రెండో శృంగానికీ ఆ మొత్తం ఒకటే కావాలి. అది ఒకటే కావాలంటే, బయల్దేరిన వ్యవధిని అప్పటి స్కేల్ ఫ్యాక్టర్‌తో భాగించినా, చేరిన వ్యవధిని ఇప్పటి స్కేల్ ఫ్యాక్టర్‌తో భాగించినా ఒకే విలువ రావాలి. ఈ నిరూపణలో ‘శృంగం’ తీసేసి ‘సోమవారం, మంగళవారం’ అని పెట్టినా అక్షరం మారదు. తరంగదైర్ఘ్యం మొదటిదానికి ఎన్ని వంతులు పెరిగిందో చెప్పేదే రెడ్‌షిఫ్ట్ విలువ; రెట్టింపైతే అది 1. ఆ విలువకు ఒకటి కలపండి. తరంగమూ, వారమూ, నక్షత్రం పేలుడూ అన్నీ అన్ని రెట్లే సాగుతాయి.

అయితే రోడ్డు సాగకుండానే రంగు మారే అవకాశం లేదా? ఉందన్నాడు ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ, 1929లోనే. విశ్వం వ్యాకోచించడం లేదు, కాంతి కోట్ల ఏళ్లు ప్రయాణించి అలసి శక్తి కోల్పోతోంది, అందుకే ఎరుపు వైపు జరుగుతోంది అని ఆయన ఊహ. మన బస్సుల్లో చెప్పాలంటే దారి పొడవునా ప్రయాణికులు దిగిపోతున్నారు. ఎంజీబీఎస్‌కు బస్సు సగం ఖాళీగా వస్తుంది, కానీ గంటకోటి చొప్పునే వస్తుంది. రెండు వాదాల్లోనూ రంగు ఒకేలా మారుతుంది. తేడా అంతా బస్సుల రాకలోనే. కాబట్టి తీర్పు చెప్పాలంటే మనకు కావలసింది అక్కడ ఎన్ని రోజులు పట్టిందో ముందే తెలిసిన ఒక సంఘటన. మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో పనిచేసిన ఓలిన్ విల్సన్ 1939లో దాన్ని సూచించాడు: సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలుడు. ఆలోచన అంత తొందరగానే వచ్చింది, కానీ అంత దూరంలో సూపర్‌నోవాను రోజుల తరబడి కొలవగల పరికరాలు రావడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

ఇందుకు పనికొచ్చేవి టైప్ 1ఎ సూపర్‌నోవాలు. సూర్యుడి వంటి నక్షత్రం చివరికి మిగిల్చే చిన్న, బరువైన అవశేషాన్ని శ్వేత కుబ్జం అంటారు. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ దాని బరువుకు కట్టిన హద్దు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. జంట నక్షత్రంతో జరిగే లావాదేవీల్లో శ్వేత కుబ్జం మొత్తంగా భగ్గుమని పేలిపోతే అది టైప్ 1ఎ. ఆ పేలుడులో బోలెడంత నికెల్-56 పుడుతుంది. దాని అర్ధజీవిత కాలం, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, ఆరు రోజులు. అది కోబాల్ట్-56గా మారుతుంది. దాని అర్ధజీవిత కాలం 77 రోజులు. అది ఇనుమవుతుంది. మనం చూసే వెలుగంతా ఈ క్షయం నుంచి వచ్చేదే. సుమారు మూడు వారాల్లోపే వెలుగు పతాక స్థాయికి చేరి, ఆపైన నెమ్మదిగా దిగుతుంది. పరమాణు కేంద్రకాలు నడిపే గడియారమిది. గెలాక్సీ ఏదైనా ఈ క్షయాల వేగం మారదు.

రెడ్‌షిఫ్ట్ 0.479 దగ్గర దొరికిన 1995కె అనే సూపర్‌నోవా వెలుగు వంపును, అంటే రోజురోజుకూ దాని వెలుగు ఎలా మారిందో చూపే గీతను, 1996లో ఒక బృందం ప్రకటించింది. దగ్గరి సూపర్‌నోవాల వంపును 1.48 రెట్లు సాగదీస్తే దీని మీద చక్కగా అమరింది. సాగదీయకపోతే అమరలేదు.

ఇంతటితో ఒప్పుకోని వాళ్లున్నారు, వాళ్ల అభ్యంతరంలో బలముంది. టైప్ 1ఎలలో బాగా ప్రకాశవంతమైనవి సహజంగానే మెల్లగా ఆరుతాయని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపించాడు. దూరంలో ఉన్నవాటిలో ప్రకాశవంతమైనవే మనకు కనిపిస్తాయి. మరి ఆ వెడల్పు వ్యాకోచం వల్ల వచ్చిందా, మన ఎంపిక వల్ల వచ్చిందా? దీనికి జవాబు వెలుగు వంపులో లేదు, వర్ణపటంలో, అంటే రంగులుగా విడదీసిన కాంతిలో, ఉంది. పేలిన పదార్థం వ్యాపిస్తూ పలచబడే కొద్దీ లోపలి పొరలు బయటపడతాయి. ఒక్కో మూలకం వర్ణపటంలో తన గీతలు వేస్తుంది. మొదట సిలికాన్ గీత బలంగా ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ ఇనుము గీతలు పైకి వస్తాయి. మనిషి ముఖం చూసి వయసు చెప్పినట్టు వర్ణపటం చూసి సూపర్‌నోవాకు ఎన్ని రోజుల వయసో చెప్పొచ్చు. 2008లో స్టెఫాన్ బ్లాండిన్ బృందం 13 దూరపు సూపర్‌నోవాల వర్ణపటాలు 35 తీసుకుని సరిగ్గా ఇదే చేసింది. మన క్యాలెండరులో గడిచిన రోజులకంటే సూపర్‌నోవా ముఖంలో గడిచిన రోజులు తక్కువ. ఎంత తక్కువంటే, రెడ్‌షిఫ్ట్ చెప్పినంతే. అలసిన కాంతి వాదం అక్కడితో ముగిసింది.

ఇక 2024లో వచ్చిన ఫలితం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. చిలీలోని సెర్రో టొలొలో కొండ మీద ఉన్న 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపుతో డార్క్ ఎనర్జీ సర్వే ఐదేళ్లు గాలించి పోగుచేసిన 1504 సూపర్‌నోవాలను క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ర్యాన్ వైట్ బృందం పరీక్షించింది. ముందే తయారుచేసుకున్న నమూనా వంపును వాడలేదు. ఒక్కో సూపర్‌నోవానూ, బయల్దేరినప్పుడు అదే రంగులో ఉన్న కాంతితో చూసిన మిగతా సూపర్‌నోవాల గుంపుతోనే పోల్చారు. రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యకు ఏ ఘాతం వేస్తే సాగుడు సరిపోతుందని అడిగారు. సిద్ధాంతం చెప్పేది 1. అలసిన కాంతి చెప్పేది 0. కొలిస్తే వచ్చింది 1.003. అందులో అనిశ్చితి నూటికి ఒకటి, అంతే.

2023 నాటి వార్త క్వేజార్ల గురించి. వాటిలో బ్రహ్మాండమైన కృష్ణబిలాల చుట్టూ మండే వాయువు వెలుగు మినుకుమినుకుమంటుంది. సూపర్‌నోవాలా క్రమమైన గడియారం కాదది. అందుకే క్వేజార్లలో సాగుడు కనిపించడం లేదని 2010లో ఒక అధ్యయనం అంటే, వ్యాకోచాన్నే అనుమానించేవాళ్లకు ఊపిరొచ్చింది. సిడ్నీకి చెందిన జెరైంట్ లూయిస్, ఆక్లాండ్‌కు చెందిన బ్రెండన్ బ్రూయర్ 190 క్వేజార్ల రెండు దశాబ్దాల కొలతలు తీసుకుని, ఒకే రకం వెలుగున్నవాటిని ఒకదానితో ఒకటి పోల్చారు. రెడ్‌షిఫ్ట్ 4 దగ్గర సాగుడు ఐదు రెట్లు. పత్రికలు ‘నెమ్మదిగా నడిచిన కాలం’ అన్నది దీన్నే. నడిచింది మామూలుగానే. మనకు చేరింది నెమ్మదిగా.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ కకుద్మి కథ ఫోన్లలో తిరుగుతుంది. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి ఆ రాజు బ్రహ్మలోకానికి వెళ్లి, గంధర్వగానం ముగిసేదాకా ఆగేసరికి భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయన్న కథ. ఎంత గొప్ప ఊహ! చిన్నప్పటి నుంచి నాకిష్టం. పిల్లలకు తప్పకుండా చెప్పండి. కానీ ‘ఇది మనవాళ్లకు ముందే తెలుసు’ అని దాని కింద రాయకండి. వెళ్లినవాడు తిరిగొచ్చి చూసుకునే తేడా అది. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. పైగా 1.003 అన్న సంఖ్య కథలోంచి రాదు. కొండ మీద ఐదేళ్ల రాత్రులు మేలుకుంటే వస్తుంది.

ఒక ప్రశ్న మిగిలింది. ఎవరి గడియారమూ తప్పు కాదంటే, విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని ఎవరి గడియారం చూసి చెబుతున్నాం? వ్యాకోచంతోపాటు సాగిపోతూ, తన చోటు నుంచి కదలనివాడి గడియారం చూసి. అలాంటివాడికి విశ్వ నేపథ్య వికిరణం, అంటే విశ్వం తొలినాళ్లలో విడుదలై ఇప్పటికీ ఆకాశమంతా నిండి ఉన్న కాంతి, అన్ని దిక్కులా ఒకే ఉష్ణోగ్రతలో కనిపిస్తుంది. మన సూర్యుడు దానితో పోలిస్తే సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నాడు. పుట్టుక నుంచీ అదే వేగంతో పోయిన గడియారమైనా 1380 కోట్ల ఏళ్లలో వెనకబడేది పదివేల ఏళ్ల చిల్లర మాత్రమే.

ఆ ఉష్ణోగ్రతే విశ్వమంతటికీ ఉమ్మడి గడియారం. ఇవాళ 2.725 కెల్విన్. ఎవరు ఏ గెలాక్సీలో ఉన్నా తమ ఆకాశం 2.725 చూపినప్పుడు, అది మన ‘ఇవాళే’. వెనక్కి వెళ్తే విశ్వం ఎన్ని రెట్లు చిన్నదైతే అది అన్ని రెట్లు వేడి. ఇదీ కొలిచిన సంగతే. పుణెలోని ఖగోళ పరిశోధనా కేంద్రం ఐయుకాలో పనిచేసే రఘునాథన్ శ్రీయానంద్ బృందం 2008లో రెడ్‌షిఫ్ట్ 2.418 దగ్గరి వాయుమేఘంలో కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఏ ఉష్ణోగ్రతలో ఉన్నాయో చదివింది. 9.15 కెల్విన్ వచ్చింది. లెక్క ప్రకారం రావలసింది 9.31. కొలతలో అనిశ్చితి 0.7, కాబట్టి రెండూ సరిపోయినట్టే. ఆ వికిరణం విడుదలైనప్పుడు విశ్వం సుమారు 3000 కెల్విన్ వేడితో, ఇప్పటికంటే 1090 రెట్లు చిన్నదిగా ఉంది. అంటే అక్కడ ఒక్క సెకనులో జరిగింది మనకు 18 నిమిషాల పాటు చేరుతుంది.

మరి ఈ సాగుడు మన కళ్లముందే మారుతుందా? మారాలి. వ్యాకోచ వేగం మారుతోంది కాబట్టి ఏ గెలాక్సీ రెడ్‌షిఫ్టూ స్థిరంగా ఉండదని 1962లో ఖగోళ శాస్త్రవేత్త అలన్ సాండేజ్ లెక్కగట్టాడు. మార్పు మాత్రం చాలా చిన్నది. వేగం రూపంలో చెప్పాలంటే పదేళ్లకు సెకనుకు కొన్ని సెంటీమీటర్లు. అప్పుడది కొలిచే దారి ఆయనకు కనిపించలేదు. చిలీలోనే సెర్రో అర్మజోనెస్ మీద ఐరోపా దేశాలు కడుతున్న 39 మీటర్ల టెలిస్కోపు పెట్టుకున్న పనుల్లో ఇదొకటి: క్వేజార్ల కాంతి దారిలో తగిలే హైడ్రోజన్ మేఘాల గీతలను ఇవాళ కొలిచి, ఇరవయ్యేళ్లాగి మళ్లీ కొలవడం. రెడ్‌షిఫ్ట్ సుమారు 2కు లోపు ఉన్న మేఘాలలో సాగుడు పెరగాలి, దాటినవాటిలో తగ్గాలి.