బడి కబురు ఇంటికి చేరాలంటే: అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక గ్రామంలోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నేను ఉపాధ్యాయురాలిని. మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఈ వారం తరగతిలో ఏం నేర్పుతున్నాం, ఏ రోజు ఏ కార్యక్రమం ఉంది, ఫలానా పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడు అనే సంగతులను ఇంటివారికి చేరవేయడం కూడా పాఠం చెప్పినంత పని అని ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియదు. ఈ విషయంలో తోటి ఉపాధ్యాయుల నోట తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు మూడింటిని నేనూ ఏళ్ల తరబడి నమ్మాను.

అపోహ: చదువురాని తల్లిదండ్రులకు తరగతి సంగతులు చెప్పి ప్రయోజనం లేదు.

వాస్తవం: అక్షరాలు రాకపోవడం వేరు, పిల్లల చదువు గురించి ఆలోచించలేకపోవడం వేరు. ఒక సంవత్సరం స్థాన విలువలు నేర్పడానికి యాభై చింతపిక్కలు, కొన్ని జొన్నదంటు పుల్లలు ఇంటి నుంచి తెమ్మని పిల్లలకు చెప్పాను. అవి ఎందుకు కావాలో ఇంటికి కబురు పంపలేదు. మర్నాడు ఒక అవ్వ మనవడిని వెంటబెట్టుకొని వచ్చి, "ఏం మేడం, పిల్లోన్ని సదువుకోను పంపిస్తే చింతపిక్కలతో ఆటలాడిస్తాండారా?" అని గట్టిగానే అడిగింది. ఆమెను తరగతిలోనే చాప మీద కూర్చోబెట్టి, మనవడి చేత పుల్లలను పదేసి చొప్పున మూడు కట్టలు కట్టించి, నాలుగు పుల్లలు విడిగా పెట్టించి, ముప్పైనాలుగు అని పలక మీద రాయించాను. సంతలో కొత్తిమీర, పుంటికూర అమ్ముకొనే మనిషి కాబట్టి ఆమెకు వివరించవలసిన పని లేకపోయింది. "ఇది మా ఆకుకూర కట్టల లెక్కనే గదా" అని, ఆ వారం సంతకు వెళ్లే ముందు కట్టలన్నీ మనవడి చేతనే లెక్కపెట్టించింది. తీసివేతలో పదుల కట్ట విప్పి ఒకట్లలో కలపడం ఆ పిల్లవాడికి మా తరగతిలో అందరికంటే ముందు పట్టుబడింది.

ఆమె కోపానికి కారణం నేనే. తెమ్మన్నది చెప్పాను గాని, దానితో ఏం నేర్పబోతున్నానో చెప్పలేదు. అప్పటి నుంచి ఇంటికి పంపే ఏ కబురులోనైనా మూడు సంగతులు ఉండేలా చూసుకుంటున్నాను: పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు, బడికి ఏం తేవాలి, సాయంత్రం ఇంటిదగ్గర పిల్లవాడిని ఏమని అడగాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే "ఈ రోజు ఏం చెప్పారు?" అంటే "ఏం లేదు" అనే పిల్లవాడు, "మూడు పదులు, నాలుగు ఒకట్లు కలిస్తే ఎంత?" అంటే తడుముకోకుండా జవాబు చెబుతాడు. మా ఊళ్లో కొన్ని ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. ఆ ఇళ్లకు కబురు చెప్పవలసి వచ్చినప్పుడు మధ్యాహ్న భోజనం వండే అమ్మ నాకు ఎంతో సాయపడుతుంది.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ తెలిసినట్టే.

వాస్తవం: పెట్టడం వరకే మన చేతిలో ఉంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్ ఫోను తండ్రితో పాటు పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది, లేదా రీచార్జి అయిపోయి మూలన పడి ఉంటుంది, లేదా డిగ్రీ చదివే అన్న చేతిలో ఉంటుంది. పిల్లవాడికి అన్నం పెట్టి బడికి పంపే మనిషి దగ్గర మాత్రం బటన్ ఫోనో, అదీ లేకపోవడమో ఉంటుంది. నీలం టిక్కులు పడ్డాయని నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లో, కబురు చూసినది ఎవరో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒక నోటుపుస్తకం తయారు చేసుకుంటాను. ప్రతి పిల్లవాడి పేరుకు ఎదురుగా, పగలు ఇంట్లో ఎవరు ఉంటారు, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, వారికి చదవడం వచ్చా, రాకపోతే ఏ పొరుగింటివారు చదివి చెబుతారు అని రాసుకుంటాను. గ్రూపులో రాతకు బదులు నిమిషం దాటకుండా నా గొంతుతో మాట్లాడి పంపుతాను, ఎందుకంటే చదవలేని అమ్మ కూడా దాన్ని వినగలదు, నచ్చితే రెండోసారి వినగలదు. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా గ్రూపును అమర్చి, తిరిగి చెప్పదలచినవారు నా నంబరుకు ఫోను చేయవచ్చని ముందే చెబుతాను; లేకపోతే శుభోదయాల బొమ్మల కింద మన కబురు అడుగున పడిపోతుంది. గ్రూపు చేరని ఇళ్లకు పిల్లల చేతనే చీటీ పంపి, మర్నాడు ఉదయం "అవ్వ ఏమంది?" అని పిల్లలనే అడుగుతాను. జవాబు వచ్చిన ఇంటికే కబురు చేరిందని లెక్క.

అపోహ: పిల్లవాడు తప్పు చేసినప్పుడు, వెనకబడినప్పుడు కబురంపితే చాలు.

వాస్తవం: ఇది నేను నమ్మి నష్టపోయిన మాట. ఒక పిల్లవాడు వరుసగా నాలుగు రోజులు ఇంటిపని రాయకుండా వచ్చాడని తండ్రిని పిలిపించాను. ఆ ఏడాది ఆయనకు నేను పంపిన మొదటి కబురు అదే. ఆయన గుమ్మంలోకి వస్తూనే, నేను నోరు తెరిచేలోగా, తరగతి అందరి ముందు కొడుకును కొట్టాడు. బడి నుంచి పిలుపు వచ్చిందంటే ఏదో చెడు జరిగిందనే ఆయన అర్థం చేసుకున్నాడు, అలా అర్థమయ్యేలా చేసినది నేను. వారం రోజుల పాటు ఆ పిల్లవాడు నా కళ్లలోకి చూడలేదు.

ఆ తరువాత, సంవత్సరం మొదట్లోనే ప్రతి ఇంటికీ ఒక మంచి సంగతితో మొదటి కబురు పంపాలని నియమం పెట్టుకున్నాను. అది పొగడ్త కాకూడదు, కళ్లతో చూసినది కావాలి. "మీ పాప చురుకైనది" అంటే తల్లికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. "మీ పాప ఈ రోజు ఒత్తులున్న పదాలను కూడబలుక్కోకుండా చదివింది, పక్క పిల్లకు కూడా నేర్పింది" అంటే ఆ తల్లి సాయంత్రం పుస్తకం తెరిపించి వింటుంది. ఇలా రెండు మూడు కబుర్లు వెళ్లిన ఇంటికి తరువాత ఒక కష్టమైన సంగతి చెప్పవలసి వచ్చినా, వారు కూర్చొని వింటారు, తమకు తెలిసినదీ చెబుతారు.

అపోహ: ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం తీసుకుంటే పిల్లల ప్రగతి తెలియజేసినట్టే.

వాస్తవం: కార్డు మీద ఉన్న గ్రేడు అక్షరం చూసి పిల్లవాడికి ఏం వచ్చో, ఏం రాదో ఇంటివారు తెలుసుకోలేరు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని, 9999 వరకు సంఖ్యలను చదవగలగాలని లక్ష్యంగా పెట్టింది. కార్డు ఇచ్చే రోజున నేను ఈ సంగతిని చెప్పి, పిల్లవాడి చేతనే తల్లి ఎదుట ఒక పేరా చదివిస్తాను, ఒక నాలుగంకెల సంఖ్య చదివిస్తాను. ఎక్కడ తడబడ్డాడో ఆమె తన చెవులతోనే వింటుంది. ర్యాంకు ఎంత అని అడిగేవారు ఆ తరువాత చాలామటుకు తగ్గారు.

అపోహ: ఏడాదికి ఒకటి రెండు పెద్ద సమావేశాలు జరిగితే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న మన రాష్ట్రంలో మెగా తల్లిదండ్రులు-ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ఎప్పుడూ బడి గడప తొక్కని తండ్రులు కూడా ఆ రోజు వచ్చారు, ముగ్గుల పోటీలలో తల్లులు సంతోషంగా పాల్గొన్నారు. అవి జరగవలసినవే. అయితే అంతమంది మధ్య ఒక తల్లి "మా వాడికి భాగహారం ఎందుకు రావడం లేదు?" అని అడగడానికి మొగమాటపడుతుంది, అడిగినా తీరికగా జవాబు చెప్పే సమయం మనకు ఉండదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరును, నేర్చుకునే సామర్థ్యాన్ని, సాధించిన ప్రగతిని తెలియజేయాలని మన విధుల్లో ఒకటిగా రాసి ఉంది. అదే చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చెబుతుంది. కాబట్టి కబురు చెప్పడం మనం చూపే దయ కాదు, వారికి రావలసిన బాకీ.

వేళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పదకొండు గంటలకు సమావేశం పెట్టి, ఎవరూ రాలేదని నిష్ఠూరమాడడం న్యాయం కాదు, ఎందుకంటే ఆ రోజు వస్తే వారికి కూలి పోతుంది. మేము సాయంత్రం ఆరున్నరకు గుడి ముందున్న అరుగు మీద కూర్చుంటాం. ఒక్కో వారం ఏడెనిమిది ఇళ్లవారు వస్తే చాలు, నెల తిరిగేసరికి తరగతి అంతా పూర్తవుతుంది.

అపోహ: ఆరోగ్య కార్యక్రమాల గురించి ముందుగా చెబితే భయపడి పిల్లలను పంపరు.

వాస్తవం: చెప్పకపోతేనే భయపడతారు. నులిపురుగుల నివారణ కోసం బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చిన ఒక సాయంత్రం ఒక పాపకు కడుపునొప్పి వస్తే, బడిలో ఏదో మాత్ర మింగించారని వీధంతా గుప్పుమంది. ఇప్పుడు రెండు రోజుల ముందే చెబుతాం: మోతాదు 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి, కడుపులో పురుగులు ఉన్న పిల్లలకు కాసేపు వికారమో కడుపునొప్పో రావచ్చు, జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయరు, వారికి తరువాత వేస్తారు. ఆశా కార్యకర్తను కూడా వెంట తీసుకువెళ్తాం.

అపోహ: ఎక్కువ ఫోటోలు పెడితే ఎక్కువ చెప్పినట్టు.

వాస్తవం: ఫోటోలో పిల్లవాడి నవ్వు కనబడుతుంది, వాడు నేర్చుకున్నది కనబడదు. రాసిన పేజీ ఫోటో అయితే కొంత నయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. చట్టం మాట అటుంచినా, ఒకరి పిల్లల మార్కులను అందరి ముందు పెట్టడం తగదు.

అపోహ: వలస వెళ్లిన తల్లిదండ్రులకు ఇక ఏమీ చెప్పలేం.

వాస్తవం: మా ప్రాంతంలో మిరప కోతలు మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు వెళ్లిపోతాయి. కొందరు పిల్లలను వెంట తీసుకువెళ్తారు, కొందరు అవ్వాతాతల దగ్గరో, వలస వెళ్లినవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లోనో విడిచి వెళ్తారు. వారు బండి ఎక్కే ముందే నేను తల్లి నంబరుతో పాటు కూలీలను పనికి తీసుకువెళ్లే మేస్త్రీ నంబరు కూడా రాసుకుంటాను, ఎందుకంటే చేలలో తల్లుల ఫోన్లు చార్జింగ్ లేక ఆగిపోయినా మేస్త్రీ ఫోను మోగుతుంది. ఆదివారం రాత్రి ఏడున్నరకు, వారు పనులు ముగించుకొని వంట మొదలుపెట్టే వేళకు, అవ్వ ఇంటి నుంచి ఫోను కలిపి స్పీకరులో పెడతాను. పిల్లవాడు ఆ వారం నేర్చుకున్న పాఠంలోంచి నాలుగు వాక్యాలు చదువుతాడు. పోయిన ఫిబ్రవరిలో ఒక తల్లి అటు నుంచి, "పొయ్యి సప్పుడుకు ఇనపళ్లేదు మేడం, ఇంగోసారి సదివించండి" అని అడిగింది. వాడు మొదటిసారి కంటే గట్టిగా, ఈసారి తప్పు లేకుండా చదివాడు.