ఫ్రాంచైజీ ముగిశాక కూడా వెంటాడే షరతు: 1872 నాటి సెక్షన్ 27 కథ

టీ దుకాణానికైనా, ప్లేస్కూలుకైనా, రక్తపరీక్షల కేంద్రానికైనా ఫ్రాంచైజీ తీసుకునేవారి చేతికి వచ్చే ఒప్పందపత్రంలో చివరి పేజీల దగ్గర ఒక షరతు తరచూ కనిపిస్తుంది: ఒప్పందం ముగిసిన తరువాత ఇన్నేళ్ళపాటు, ఇన్ని కిలోమీటర్ల పరిధిలో, ఇదే తరహా వ్యాపారం చేయరాదని. అప్పుచేసి దుకాణం పెట్టి, ఐదారేళ్ళలో ఆ పని తప్ప వేరే పని చేతకాని స్థితికి వచ్చిన మనిషి ఆ వాక్యానికి భయపడి దుకాణం మూసుకుంటే నష్టం ఆ కుటుంబానిదే. అందుకే ఆ వాక్యానికి మన దేశంలో ఉన్న బలమెంతో తెలియాలంటే నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షన్, చట్టబద్ధమైన వృత్తిగాని వ్యాపారంగాని చేయకుండా ఎవరినైనా నిరోధించే ఒప్పందం ఆ మేరకు చెల్లదని చెబుతుంది. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికి ఉన్న మంచిపేరుతో) సహా అమ్మిన వ్యక్తిపై సహేతుకమైన ప్రాంతీయ పరిమితి విధించడం ఒక్కటే ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు. ఇంగ్లండ్ న్యాయస్థానాలు 1711 నాటి మిచెల్ వర్సెస్ రేనాల్డ్స్ తీర్పు మొదలుకొని, నిషేధం పాక్షికమై, సహేతుకమైతే చెల్లుతుందని అంటూ వచ్చాయి. మన చట్టం ఆ దారి పట్టలేదు. న్యూయార్క్ కోసం అమెరికన్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రూపొందించిన సివిల్ కోడ్ ముసాయిదాను అనుసరించి ఈ సెక్షన్ రాశారు. కాలిఫోర్నియా కూడా అదే 1872లో అదే ముసాయిదా నుంచి ఇలాంటి నిబంధననే తెచ్చుకుంది. అమెరికాలోని అనేక ఇతర రాష్ట్రాల్లో సహేతుకమైన నిషేధాలు చెల్లుతుండగా కాలిఫోర్నియా మాత్రం నేటికీ కఠినంగా ఉండడానికి మూలం ఇక్కడే ఉంది.

చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు మాధవ్ చందర్ వర్సెస్ రాజ్‌కుమార్ దాస్ వ్యాజ్యం వచ్చింది. నగరంలో ఒకే పేటలో పోటీ వ్యాపారం చేస్తున్న ఇద్దరిలో ఒకరు, రెండోవారు ఆ పేటలో దుకాణం మూసేస్తే, ఆయన తన పనివాళ్ళకు ముందుగా ఇచ్చుకున్న సొమ్మును తాను చెల్లిస్తానని మాట ఇచ్చారు. ఆయన మూసేశారు, సొమ్ము మాత్రం రాలేదు. ఒక్క పేటకే పరిమితమైన నిషేధం చెల్లుతుందన్న వాదనను ప్రధాన న్యాయమూర్తి సర్ రిచర్డ్ కౌచ్ అంగీకరించలేదు. పక్కనున్న 28వ సెక్షన్‌లో 'పూర్తిగా' అన్న మాట ఉందని, 27లో అది లేదని, కాబట్టి పాక్షిక నిషేధం కూడా చెల్లదని ఆయన తేల్చారు. మాట నమ్మి దుకాణం మూసుకున్న మనిషికి ఆ తీర్పు కష్టమే కలిగించినా, సూత్రం మాత్రం స్థిరపడింది.

ఒప్పందం అమలులో ఉన్న కాలం సంగతి వేరు. ఉద్యోగ కాలంలో వేరేచోట పనిచేయరాదన్న షరతును 1967లో సెంచురీ స్పిన్నింగ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఫ్రాంచైజీలకు ముఖ్యమైనది 1995లో కోకా కోలాకు, దాని పానీయాలను ఫ్రాంచైజీ కింద సీసాల్లో నింపే గుజరాత్ బాట్లింగ్ కంపెనీకి మధ్య వచ్చిన తీర్పు. బాట్లింగ్ కంపెనీ వాటాలు పెప్సీ పక్షానికి చేరిన నేపథ్యంలో, ఇతరుల పానీయాలు తయారు చేయరాదన్న షరతు నోటీసు కాలమైన ఏడాదితో సహా ఒప్పందం బతికి ఉన్నంతవరకే వర్తిస్తుంది కాబట్టి అది 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదని కోర్టు చెప్పింది. ఈ తీర్పును చూపించి, ఒప్పందం ముగిసిన తరువాతి నిషేధం కూడా చెల్లుతుందని కొందరు ఫ్రాంచైజీదారులను బెదిరిస్తుంటారు. తీర్పును చివరిదాకా చదివితే ఆ బెదిరింపు నిలవదు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్‌పై పర్సెప్ట్ డి మార్క్ సంస్థ వేసిన కేసులోనూ, ఒప్పంద కాలం దాటి వర్తించే నిరోధం చెల్లదని సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది.

సెక్షన్ 27 మరీ కఠినంగా ఉందని, సహేతుకమైన నిషేధాలను అనుమతించేలా మార్చాలని లా కమిషన్ 1958లో తన 13వ నివేదికలో సిఫారసు చేసింది. పార్లమెంటు ఆ మార్పు చేయలేదు. ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టమూ రాలేదు.

అలాగని ఒప్పందం ముగిసిన మర్నాడు అన్నీ యథేచ్ఛగా చేసుకోవచ్చనుకోకూడదు. పాత పేరున్న బోర్డు దించాలి, దాన్ని పోలిన పేరూ రంగులూ వాడితే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం అడ్డువస్తుంది. సంస్థ నమ్మి అప్పగించిన రహస్య తయారీ పద్ధతులనూ, వినియోగదారుల జాబితానూ సొంతం చేసుకోవడం కుదరదు. కంపెనీ కాపాడుకోదగిన ఆస్తి నిజానికి ఇదే, దీని కోసం మనిషి జీవనోపాధినే ఆపవలసిన అవసరం లేదు. ఇక, పోటీ వ్యాపారం పెట్టారన్న కారణం చూపి సెక్యూరిటీ డిపాజిట్ ఆపుకునే సందర్భం వస్తే, 1874 నాటి కలకత్తా వ్యాజ్యాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడి వివాదం కూడా డబ్బు గురించే. నిషేధమే చెల్లనప్పుడు దాని ఆధారంగా సొమ్ము అడగడం కుదరదని ఆనాడు కోర్టు చెప్పిన కారణం, డిపాజిట్ ఆపుకున్న కంపెనీకీ వర్తించాలని నా అభిప్రాయం.