వంగితే మంట, పడుకుంటే దగ్గు: అన్నీ "గ్యాసే" కాదండి

పర్లాకిమిడిలో నా ఓపీకి ఒడియా వాళ్ళొచ్చినా తెలుగు వాళ్ళొచ్చినా ఒకటే మాట, గ్యాస్. ఆ మాట వెనకే హయాటస్ హెర్నియా ఏళ్ళ తరబడి దాక్కుంటోంది.

అపోహ: హెర్నియా అంటే గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనపడాలి.
ఇది బయటికి కనపడదు. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం, అన్నవాహిక దిగడానికి దాన్లో ఒక కంత. అది వదులైతే కడుపు సంచి పైభాగం ఛాతీలోకి జారుతుంది. 50 దాటినవాళ్ళకి, బరువు ఎక్కువున్నవాళ్ళకి ఎక్కువ.

అపోహ: కారం తింటేనే మంట.
ఏం తిన్నారని కాదు, ఎప్పుడు వస్తోందని అడుగుతాను నేను. మొన్న ఒకావిడ "బాబూ, వంగి ముగ్గేస్తుంటే పుల్లనీళ్ళు గొంతులోకి వచ్చేస్తన్నాయి, రాత్రి తొంగుంటే దగ్గు" అంది, ఆర్నెల్లుగా కారం మానేసి చప్పిడి కూడు తింటూ దగ్గు సిరప్‌లు తాగుతోంది పాపం, ఎండోస్కోపీ చేయిస్తే విషయం తేలింది. వంగినా పడుకున్నా పెరిగే మంట, పులి తేన్పులు, పొద్దున్నే బొంగురు గొంతు, ఇవీ గుర్తులు. కొందరికి ఏ గుర్తూ ఉండదు, వాళ్ళు కంగారు పడక్కర్లేదు.

అపోహ: ఛాతీ నొప్పికి సోడా తాగితే పోద్ది.
దయచేసి ఈ పని చేయకండి. గుండెపోటు నొప్పినీ దీన్నీ మాటలు విని విడదీయడం మాకే కష్టం. ఛాతీ మీద బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ముందు ఈసీజీ, ఆ తర్వాతే గ్యాస్ మాట. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి సరిగ్గా తెలీకపోవచ్చు కూడా. తెల్లారాక బరంపురం వెళ్దాంలే అని ఆగకండి, 108కి ఫోన్ చేసి ఈసీజీ దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి.

అపోహ: ఇక ఆపరేషనే.
చాలామందికి అక్కర్లేదు. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల తేడా, బరువు తగ్గడం, డాక్టరు రాసిన మాత్ర టిఫిన్‌కి అరగంట ముందు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు లేపండి, దిండ్లు పేరిస్తే నడుం మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆవిడకి దగ్గు తగ్గింది ఇటుకలు పెట్టాకే.

కానీ ముద్ద ఛాతీలో ఆగిపోతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, ఒంట్లో రక్తం తగ్గిందన్నా ఎండోస్కోపీ వాయిదా వేయకండి. రక్తం వాంతైనా, తారులా నల్లగా విరేచనమైనా, తగ్గని నొప్పితో వాంతి వచ్చినట్టే ఉండి రాకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి. ఆ చివరిదాన్లో కడుపు మెలిపడి ఉండొచ్చు, అప్పుడు చేతిలో ఉండేది గంటలే.