రహదారి పక్క రెండు మీటర్లు: విశాఖలో తీగలు, గొట్టాల పాత పేచీ

విశాఖపట్నంలో ఏఐ హబ్ నెలకొల్పుతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. అందరూ భవనాల గురించీ ఉద్యోగాల గురించీ మాట్లాడుకున్నారు. అలాంటి కేంద్రానికి కరెంటు కావాలి, నీరు కావాలి, సముద్రం అడుగు నుంచి ఒడ్డుకు చేరే కేబుళ్లు ఊరు దాటి లోపలికి రావాలి. అవన్నీ ఏదో ఒక రోడ్డు పక్క నేలలోంచే వస్తాయి. మరోవైపు, మెట్రో మొదటి దశగా ప్రతిపాదించిన 46.23 కిలోమీటర్లలో ఎక్కువ భాగం ఉక్కు కర్మాగారం నుంచి కొమ్మాది వరకు జాతీయ రహదారినే పట్టుకుని సాగుతుంది. రహదారి భూమిలో ఎవరి తీగ ఎక్కడ ఉండాలన్న నిబంధనలను మళ్లీ మళ్లీ సవరించాల్సి రావడం దేశమంతటా ఉన్నదే. విశాఖలో ఆ ఇరుకు ఇంకాస్త ఎక్కువ.

కారణం ఊరి నైసర్గిక స్వరూపం. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో మిగిలిన సన్నని దారిలోంచే ఒకప్పటి 5వ నంబరు, నేటి 16వ నంబరు జాతీయ రహదారి గాజువాక, ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా మధురవాడ వైపు వెళ్తుంది. ఎండాడ దగ్గర ఒక పక్క జంతు ప్రదర్శనశాల, ఇంకో పక్క కంబాలకొండ అభయారణ్యం. మైదాన ప్రాంతపు నగరమైతే కేబుల్‌ను పక్క వీధి గుండా తిప్పుకోవచ్చు. ఇక్కడ పక్క వీధే లేని చోట్లున్నాయి.

అయితే తగాదా మూలం భూగోళంలో కన్నా చట్టాల్లోనే ఎక్కువ. ఒక్కో తీగకు ఒక్కో చట్టం, ఒక్కో శాఖ. అన్నిటికన్నా ముందు వచ్చింది 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. ఎవరి భూమి మీదుగానైనా, కిందుగానైనా తీగ లాగే అధికారాన్ని దాని 10వ సెక్షన్ టెలిగ్రాఫ్ అధికారులకు ఇచ్చింది. ఆ భూమిపై వారికి వాడుకునే హక్కు తప్ప మరే హక్కూ రాదని అదే సెక్షన్ చెప్పింది. స్థానిక సంస్థల భూమి అయితే వాటి అనుమతి తీసుకోవాలన్న షరతు కూడా పెట్టింది. నూట ముప్పై ఏళ్లు దాటిపోయినా, మొబైల్ టవర్లూ ఆప్టికల్ ఫైబరూ వచ్చినా, మనం నడిచింది ఈ గుర్రపుబగ్గీల కాలం నాటి వాక్యాలతోనే.

కరెంటు తీగల దారి వేరు. వాటికి 1910 చట్టం, ఆ తర్వాత 2003 విద్యుత్తు చట్టం. వీధులు తవ్వే అధికారం 2003 చట్టంలోని 67వ సెక్షన్‌లో ఉంది. పెట్రోలియం గొట్టాలకు 1962లో మరో చట్టం చేశారు. దాని ప్రకారం భూమి రైతుదే, గొట్టం వేసే హక్కు మాత్రం సంస్థది. ఆ పట్టీలో రైతు ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. 1957లో కాల్టెక్స్ శుద్ధి కర్మాగారంతో చమురు ఊరైన విశాఖకు ఇది అక్కరకొచ్చిన చట్టమే. ఇక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు హెచ్‌పీసీఎల్ గొట్టపు మార్గం వెళ్తోంది. తాగునీరు, మురుగు గొట్టాలు పురపాలక చట్టాల పరిధిలోవి. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నీళ్లు ఆ గొట్టాల్లోనే ఊళ్లోకి వస్తాయి.

ఇన్ని శాఖలు తవ్వుతున్న ఆ నేలకు యజమాని ఎవరు? రహదారి శాఖ. విచిత్రమేమిటంటే ఆ యజమానికి గట్టి చట్టం దొరికింది అందరి తర్వాతే. జాతీయ రహదారుల చట్టం 1956లోనే వచ్చినా, అనుమతి లేకుండా రహదారి భూమిలో స్తంభం, కేబుల్, గొట్టం, కాలువ ఏదీ పెట్టకూడదని స్పష్టంగా చెప్పింది 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టంలోని 38వ సెక్షన్. అప్పటికి భూమి కింద ఉన్నవి ఉండనే ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి కాగితాలున్నాయన్నది వేరే కథ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 185 కిలోమీటర్లు. వేల స్తంభాలు నేలకూలాయి, కరెంటూ ఫోన్లూ ఒకేసారి పోయాయి. తీగలను భూమిలోకి పంపాలన్న మాట అప్పటిదాకా ప్రణాళిక కాగితాల్లో నలుగుతూ ఉండేది, ఆ తర్వాత పనిగా మారింది. ప్రపంచ బ్యాంకు 2015లో మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖ భూగర్భ కేబుళ్లూ ఒక భాగం. ఫలితాన్ని ఈ రోజు ఫుట్‌పాత్ మీదే చూడవచ్చు. పాదచారి నడిచే చోట మనిషి ఎత్తు ఇనుప పెట్టెలు నిలబడి ఉంటాయి. భూగర్భ కేబుళ్లను కలిపే, విడదీసే స్విచ్‌లుండే ఆ పెట్టెలను రింగ్ మెయిన్ యూనిట్లంటారు. తీగ కిందికి పోయింది కానీ దాని సంసారం పైనే మిగిలింది. కేబుల్ పోతే స్తంభం ఎక్కి చూసే రోజులు పోయి, ఎక్కడ తవ్వాలో వెతికే రోజులు వచ్చాయి.

సరిగ్గా అదే కాలంలో మరో ప్రభుత్వ పథకం ఎదురు దిశలో నడిచింది. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పల్లెలకు ఇంటర్నెట్ చేర్చడానికి విద్యుత్తు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. పథకంగా దానిని తప్పుపట్టలేం. తవ్వడానికి అనుమతి అడగనక్కరలేదన్నదే దాని బలం. కానీ ఒక శాఖ స్తంభాలను వదిలించుకోవాలని చూస్తున్నప్పుడు మరో శాఖ వాటినే ఆధారం చేసుకోవడం, ఈ రెంటినీ కలిపి చూసే కుర్చీ లేదని చెప్పకనే చెప్పింది.

2016 నవంబరులో ఢిల్లీలోనూ ఇదే తంతు. 15వ తేదీన టెలికం శాఖ రైట్ ఆఫ్ వే నియమాలను, అంటే ఇతరుల భూమి గుండా తీగ తీసుకెళ్లే హక్కుకు సంబంధించిన నియమాలను, నోటిఫై చేసింది: కిలోమీటరుకు వెయ్యి రూపాయలకు మించని పరిపాలనా రుసుము, 60 రోజుల్లో జవాబు, జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్లే. వారం తిరిగేసరికి, 22న, రహదారుల శాఖ తన భూమిలో తీగలు, గొట్టాలు పెట్టడంపై వేరే మార్గదర్శకాలు వెలువరించింది. టెలికం వాళ్ల తొందర ఒకటి, రోడ్డు వాళ్ల భయం ఒకటి. రోడ్డు వాళ్ల భయానికీ అర్థముంది. రహదారి ప్రమాణాల్లో తీగలు, గొట్టాలకు చూపించే చోటు భూమి చివరి అంచున రెండు మీటర్ల పట్టీ. రోడ్డును అడ్డంగా దాటే గొట్టం పైభాగం కనీసం 1.2 మీటర్ల లోతున, కాలువ అడుగు కన్నా 0.3 మీటర్లు కిందికి ఉండాలి. తవ్వి పూడ్చిన మట్టి సరిగా కుదుటపడకపోతే మొదటి వానకే అక్కడ రోడ్డు కుంగుతుంది, తిట్లు మాత్రం రోడ్డు శాఖకు పడతాయి.

2022లో 5జీ కోసం నియమాలను మళ్లీ సడలించారు. 2023లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. ఉమ్మడి డక్టులు (అందరి కేబుళ్లూ కలిసి వెళ్లే భూగర్భ గొట్టాలు), కేబుల్ కారిడార్లు ఏర్పాటు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చిన 15వ సెక్షన్ అందులో అసలైన కొత్తదనం. దాని కింద చేసిన 2024 రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇన్ని సవరణల్లో ఎక్కువ శ్రమ రుసుముల మీద, గడువుల మీద ఖర్చయింది. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. కింద ఏముందన్నది మొదటిది. తవ్వేవారు ముందుగా సమాచారం ఇవ్వడానికి 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించిన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ ఈ లోటు పూడ్చడానికే వచ్చింది. తెలియక తవ్వడం వల్ల ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని ప్రభుత్వమే చెప్పింది. అయితే యాప్ కబురు అందించగలదు కానీ, ఎప్పుడో వేసి పటం గీయని గొట్టాన్ని చూపించలేదు.

ఎన్‌ఏడీ లాంటి ఫ్లైఓవరైనా, రేపటి మెట్రో అయినా పునాది తవ్వేముందు తీగలూ గొట్టాలూ జరపడమే మొదటి పని. ఇప్పటి నియమాల కింద అనుమతి తీసుకున్న సంస్థ, రహదారికి ఆ చోటు కావలసి వస్తే సొంత ఖర్చుతో తన కేబుల్‌ను తొలగిస్తానని రాసిస్తుంది. ఎవరి అనుమతితో, ఏ ఏడాది వేశారో కాగితమే దొరకని పాత గొట్టం బయటపడితే ఆ హామీ అడగడానికి మనిషి ఉండడు. దాన్ని జరిపే ఖర్చు ప్రాజెక్టు అంచనాలోకి ఎక్కుతుంది.