మోడల్ రైల్వే ఆపరేటింగ్ సెషన్లు: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ మధ్య మోడల్ రైళ్ళతో గడిచే నా శనివారాల సంగతి వచ్చినప్పుడల్లా "అంటే అన్నా, బేస్‌మెంట్లో రైళ్ళు గిరగిరా తిప్పుతుంటారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అలా అనుకోవడంలో వింతేం లేదు, బయటివాళ్ళకు కనిపించేది క్లబ్బుల ఓపెన్ హౌస్ ఒక్కటే, అక్కడ పిల్లలు చూడటానికి బండ్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆపరేటింగ్ సెషన్ పూర్తిగా వేరే వ్యవహారం, అందులో కొంతమంది కలిసి మోడల్ బండ్లను నిజం రైల్వేలాగా టైమ్‌టేబుల్ ప్రకారం నడుపుతారు. క్లబ్బులోనూ, స్నేహితుల ఇళ్ళలోనూ యార్డు మాస్టరుగా (యార్డులో వ్యాగన్లు సర్ది బండ్లు కట్టేవాడు), డిస్పాచరుగా (లైను మీద బండ్ల రాకపోకలు చూసేవాడు) పనిచేస్తూ నేను తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను. వీలైనంతవరకు మనకు అలవాటైన రైల్వే మాటలే వాడతాను.

అపోహ: బండిని ఇక్కడి నుంచి అక్కడికి నడిపితే సెషన్ అయిపోయినట్టే.

వాస్తవం: లెక్కంతా వ్యాగన్ల చుట్టూనే ఉంటుంది. లేఔట్, అంటే పట్టాలు పరిచిన ఆ మోడల్ రైల్వే, దాని మీదున్న ప్రతి వ్యాగన్‌కీ ఒక కార్డు, దాని మీద వ్యాగన్ రకం, నంబరు, ఏ కంపెనీదో వివరాలు. ఆ కార్డుకున్న చిన్న జేబులో వేబిల్ అని ఇంకో చీటీ దూరుస్తారు. ఈ హాపర్ (అడుగు నుంచి సరుకు దించే వ్యాగన్) గనిలో బొగ్గు నింపుకుని కరెంటు ప్లాంటుకి వెళ్ళాలి, ఆ బాక్స్ వ్యాగన్ కాగితం మిల్లు దగ్గర ఖాళీగా నిలబడాలి, ఇలాంటివన్నీ దాని మీదే ఉంటాయి. వేబిల్ మీద మామూలుగా నాలుగు గమ్యాలు రాస్తారు. సెషన్ అయ్యాక చేరాల్సిన చోటికి చేరిన వ్యాగన్ల చీటీలను లేఔట్ ఓనర్ తిప్పి పెడితే, వచ్చే సెషన్‌కి ఆ వ్యాగన్లకి కొత్త పని రెడీ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన డ్యూటీ లోకల్ గూడ్స్. ఏడు వ్యాగన్లు, చివర కబూస్, అంటే మన గార్డు బ్రేక్ వ్యాన్ లాంటిది. ఊళ్ళో ధాన్యం ఎలివేటర్ (గిడ్డంగి) దగ్గర ఒక ఖాళీ హాపర్ పెట్టాలి, కానీ అక్కడి సైడింగ్, అంటే సరుకు ఎక్కించే పక్క లైను, మనం వెళ్తున్న దిక్కుకే తెరుచుకుని ఉంటుంది. ఇంజను ముందుంది, వ్యాగన్ వెనకుంది, అలాగే లోపలికి వెళ్తే డెడ్ ఎండ్‌లో ఇంజనే ఇరుక్కుంటుంది. అందుకని వ్యాగన్లను మెయిన్ లైన్ మీద వదిలి, ఇంజనును లూప్ లైన్లోంచి చుట్టూ తిప్పి వెనక తగిలించి, అప్పుడు హాపర్‌ను తోసుకుంటూ సైడింగ్‌లో పెట్టాలి. విడదీయడానికి సన్నటి వెదురు పుల్లను వ్యాగన్లను కలిపి ఉంచే రెండు కప్లర్ల మధ్యకి దింపి కొంచెం తిప్పితే చాలు. షంటింగ్‌లో, అంటే ఇలా వ్యాగన్లను అటూ ఇటూ మార్చేటప్పుడు, గంటకు 5 మైళ్ళ వేగమంటే అసలులో 87వ వంతు (1:87) ఉండే హెచ్‌ఓ స్కేల్లో సెకనుకి ఒక్క అంగుళం, బండి కదులుతోందా లేదా అన్నట్టు ఉంటుంది. ఇదంతా చేస్తుండగానే ఎదురు దిక్కు నుంచి టైమ్‌టేబుల్లో ఫస్ట్ క్లాస్ హోదా ఉన్న ప్యాసింజరు 10:42కి రావాలి, దాని టైముకి కనీసం ఐదు నిమిషాల ముందే మనం మెయిన్ లైన్ ఖాళీ చేసి పక్కకి తప్పుకోవాలి. ఇది అమెరికన్ రైల్‌రోడ్ల పాత రూల్ బుక్‌లో ఉన్న నియమమే, మేం కల్పించింది కాదు. సెషన్లో వాడే ఫాస్ట్ క్లాక్, అంటే వేగంగా తిరిగే గడియారం, నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంటే ఆ ఐదు నిమిషాలు నిజానికి 75 సెకన్లు.

అపోహ: ఆ ఫాస్ట్ క్లాక్ వల్లే టెన్షన్, అందరూ పరుగులు పెట్టాల్సిందే.

వాస్తవం: గడియారాన్ని వేగంగా తిప్పేది మనుషుల్ని తొందరపెట్టడానికి కాదు, దూరం సరిపోకపోవడం వల్ల. హెచ్‌ఓ స్కేల్లో ఒక మైలు దాదాపు 60 అడుగులు. రెండు స్టేషన్ల మధ్య 30 అడుగులుంటే అది చాలా పెద్ద లేఔట్ కిందే లెక్క, అయినా స్కేలు ప్రకారం అర మైలే. మామూలు గడియారం పెడితే బండి బయల్దేరిన నిమిషానికే పక్క ఊళ్ళో ఉంటుంది, ఇక టైమ్‌టేబుల్‌కి అర్థమేముంది? గడియారం వేగంగా తిరిగితే ఆ నిమిషం నాలుగు నిమిషాలవుతుంది, ప్రయాణం చేసినట్టుంటుంది.

చిక్కల్లా చేతి పనితోనే. వెదురు పుల్లతో కప్లర్ విడదీయడం, కార్డు చదవడం, బండి దారి మళ్ళించే పాయింట్లు మార్చడం, వీటికి స్కేలు లేదు, పట్టే సమయం పడుతుంది. పది నిమిషాల షంటింగ్ 4:1 గడియారంలో నలభై నిమిషాలు తింటుంది, అదే 12:1 పెడితే రెండు గంటలు. మెయిన్ లైన్ పొడవుగా ఉండి, ఆగకుండా పోయే బండ్లు ఎక్కువైతే వేగం పెంచవచ్చు. షంటింగ్ ఎక్కువున్న లేఔట్‌కి 3:1, 4:1 దాటకూడదని నా గట్టి అభిప్రాయం, మామూలు టైముతోనే చక్కగా నడిపేవాళ్ళూ ఉన్నారు. సెషన్లో జనం చెమటలు కక్కుతున్నారంటే ముందు టైమ్‌టేబుల్ వేసిన తీరు చూడాలి, తర్వాతే నడిపేవాళ్ళను అనాలి.

అపోహ: డిస్పాచరే హీరో, మిగతావాళ్ళు చెప్పింది చేస్తారు.

వాస్తవం: నా ఓటు యార్డు మాస్టరుకి. యార్డు నిండిపోతే లైన్ మొత్తం నిలబడిపోతుంది, డిస్పాచరు ఎంత తెలివైనవాడైనా చేసేదేం ఉండదు. కొత్తగా యార్డు తీసుకున్నవాళ్ళు సాధారణంగా ప్రతి లైనూ చక్కగా నింపేస్తారు, వ్యాగన్లన్నీ వరసగా సర్దితే చూడటానికి బాగుంటుంది కదా. తర్వాత వచ్చిన బండిని ఎక్కడ పెట్టాలో తెలియదు. ఒక లైను ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవడం, బయల్దేరాల్సిన బండిని ముందు కట్టడం, వచ్చిన బండిని ఊపిరి తీసుకున్నాక విడదీయడం, ఈ వరస తప్పకపోతే యార్డు దానంతటదే దారిలో ఉంటుంది.

డిస్పాచరు చాలాచోట్ల వేరే గదిలో కూర్చుంటాడు, లేఔట్ ఆయనకి కనపడదు. ఫోన్లో స్టేషన్ల నుంచి వచ్చే కబుర్లు, ముందున్న కాగితం, అంతే. మన రైల్వే తెలిసినవాళ్ళు ఇక్కడే తెల్లబోతారు. మన సింగిల్ లైన్ మీద పక్క స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇస్తేగానీ బండి కదలదు. పాత అమెరికన్ టైమ్‌టేబుల్, ట్రైన్ ఆర్డర్ పద్ధతిలో చాలా లైన్ల మీద టోకెనూ (లైను ఖాళీ అని డ్రైవరు చేతికిచ్చే గుర్తు) లేదు, లైన్ క్లియరూ లేదు. హోదాలో ఏ బండి పెద్దది, ఏది చిన్నది అన్నది క్లాసును బట్టి, దిక్కును బట్టి టైమ్‌టేబుల్లోనే తేలిపోతుంది, చిన్న బండి తప్పుకోవాలి, అంతే. పెద్ద బండి లేటైనా చిన్నది ఎదురుచూడాల్సిందే, డిస్పాచరు ఆర్డరు రాసి ఇస్తే తప్ప. ఆ ఆర్డరు క్రూ (బండి నడిపేవాళ్ళు) చేతికి కాగితం మీదే అందాలి, స్టేషన్లో ఉండే ఆపరేటరు రాసుకున్నది మాటకు మాట తిరిగి చదివి వినిపించాలి. ఒహాయోలో స్టాన్లీ, బెర్విక్ మధ్య 1927లో సీటీసీ (సెంట్రలైజ్డ్ ట్రాఫిక్ కంట్రోల్) మొదలయ్యాక, దూరం నుంచే సిగ్నళ్ళూ పాయింట్లూ తిప్పే వీలు వచ్చింది. కానీ పాత పద్ధతి మీద మోజున్న లేఔట్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి, ఎందుకంటే అందులో ప్రతి క్రూ తన బండి గురించి తానే ఆలోచించుకోవాలి.

అపోహ: పెద్ద బేస్‌మెంట్ లేనివాళ్ళకి ఇది కాదు.

వాస్తవం: ఇంగ్లండులో అలన్ రైట్ తయారుచేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే చిన్న ఏర్పాటు చూడండి. మూడే లైన్లు, ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీలు తీసి, వచ్చిన వరసలోనే ఐదింటిని కలిపి బండి కట్టాలి. షంటింగ్‌కి వదిలిన ముక్కలో ఇంజనూ మూడు వ్యాగన్లే పడతాయి కాబట్టి అనుకున్నంత సులువు కాదు. వరసలు 6,720 రావచ్చు. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేల్లో అయితే ఇదంతా నాలుగడుగుల పలక మీద సరిపోతుంది, హైదరాబాద్ ఫ్లాట్‌లో అల్మరా మీదైనా పెట్టుకోవచ్చు.

ఇంకాస్త చోటుంటే స్టేజింగ్ పెట్టుకోండి. కంటికి కనపడకుండా గోడ వెనకో, కింది అరలోనో నాలుగు లైన్లు వేస్తే చాలు, మన ఊరికి వచ్చే బండ్లన్నీ బయటి ప్రపంచం నుంచి వచ్చినట్టే. ఒహాయోలో అలెన్ మెక్‌క్లెలండ్ కట్టిన వర్జీనియన్ అండ్ ఒహాయో లేఔట్ ఈ ఆలోచనను జనంలోకి బలంగా తీసుకెళ్ళింది. తన రైలు మార్గం గది గోడల దగ్గర ఆగిపోదన్నట్టుగా ఆయన దాన్ని నడిపాడు.

అపోహ: కొండలూ ఇళ్ళూ చెట్లూ అన్నీ అయ్యాకే మనుషుల్ని పిలవాలి.

వాస్తవం: ఉత్త ప్లైవుడ్ మీద కూడా అద్భుతమైన సెషన్లు జరుగుతాయి. కానీ పట్టాలు, చక్రాలు, కప్లర్ల విషయంలో రాజీ పనికిరాదు. వ్యాగన్ బరువుకి ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్) చెప్పే లెక్క హెచ్‌ఓలో ఒక ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకి అర ఔన్సు. అంటే ఆరంగుళాల వ్యాగన్ నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములు ఉండాలి. చాలామంది ఈ తూకం పట్టించుకోరు, తర్వాత పొడవాటి బండిని వంపులో లాగినప్పుడు మధ్యలో తేలికైన వ్యాగన్ లోపలికి ఒరిగి పడిపోతే పట్టాలను తిడతారు. కప్లర్ ఎత్తుకి గేజ్ దొరుకుతుంది, చక్రాల మధ్య దూరానికీ దొరుకుతుంది, రెండూ కొనుక్కోండి. సెషన్లో ఏ వ్యాగన్ ఇబ్బంది పెట్టినా కార్డులో బ్యాడ్ ఆర్డర్ (బాగుచేయాలి అని చెప్పే) చీటీ పెట్టి పక్కన పెట్టేయాలి, అక్కడికక్కడే బాగుచేస్తూ కూర్చుంటే వెనక నాలుగు బండ్లు ఆగిపోతాయి.

అపోహ: కంప్యూటర్ లేకపోతే ఈ రోజుల్లో కుదరదు.

వాస్తవం: కార్డులూ పెన్సిలూ చాలు. కంప్యూటర్ ఇష్టమైతే జేఎమ్‌ఆర్‌ఐ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఏ బండి ఏ వ్యాగన్ ఎక్కడ వదలాలో లిస్టు ప్రింటు తీసి ఇస్తుంది. రెండూ వాడాను, కార్డు చేతిలో ఉంటేనే నాకు హాయి.

అపోహ: రూల్ బుక్ బట్టీ పట్టకుండా వెళ్తే పరువు పోతుంది.

వాస్తవం: చాలా లేఔట్ల మీద క్రూ ఇద్దరు ఉంటారు, ఒకరు ఇంజను నడిపితే ఇంకొకరు కండక్టరుగా కార్డులు చూస్తారు. కొత్తవాళ్ళను పాతవాళ్ళతో జత చేస్తారు. మొదటిసారి వెళ్తే యార్డు వద్దని చెప్పండి, బొగ్గు బండి లాంటిది అడగండి, ఎక్కడా షంటింగ్ లేకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్తుంది, ఆ దారిలో లేఔట్ అంతా అర్థమవుతుంది. ఇంగ్లీషు యాసకి భయపడే మనవాళ్ళు కొందరున్నారు, ఫోన్లో ప్రతి ఆర్డరూ తిరిగి చదివి వినిపించే పద్ధతి ఉన్నచోట ఆ భయం అక్కర్లేదు, మాట అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనడం అక్కడ మర్యాదే.

అపోహ: ఇదంతా అమెరికా బండ్లకే, మన రైల్వేతో సెషన్లు నడపలేం.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. 1980ల నుంచి మన గూడ్స్ రవాణా ఎక్కువగా ఫుల్ రేక్‌ల మీదికి మారింది. బొగ్గో సిమెంటో రేక్ మొత్తం ఒకచోట నింపుకుని ఒకేచోట దిగుతుంది, మధ్యలో ఒక్కో వ్యాగన్ తగిలించి విప్పే పని దాదాపు పోయింది. అందుకే ఇవాళ్టి రైల్వేని ఉన్నదున్నట్టు పెడితే లోకల్ గూడ్స్ చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కాలం వెనక్కి తీసుకెళ్ళండి. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వెళ్ళే లైను తీసుకుంటే, సింగరేణి బొగ్గు కోసం ఖాళీలు లోపలికి, నిండినవి బయటికి, మధ్యలో ప్యాసింజర్లు. కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, అప్పట్లో అదే చివరి స్టేషన్ కాబట్టి వచ్చిన ప్రతి ప్యాసింజర్‌కీ ఇంజను అటునుంచి ఇటు మార్చాలి, ఆ పనొక్కటే ఒక మనిషికి చేతినిండా ఉంటుంది. బ్రాడ్ గేజ్‌ని హెచ్‌ఓలో కచ్చితంగా చేయాలంటే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన రావాలి, మార్కెట్లో దొరికే 16.5 మిల్లీమీటర్ల ట్రాక్‌తో సర్దుకుంటే తప్పేం లేదు. డిస్పాచర్ బదులు రెండు స్టేషన్లలో ఇద్దరు స్టేషన్ మాస్టర్లను కూర్చోబెట్టి, మధ్యలో ఫోనుతో లైన్ క్లియర్ తీసుకుంటూ, డ్రైవరు చేతికి టోకెన్‌గా ఒక గోళీ ఇవ్వండి. ముగ్గురు స్నేహితులు దొరికితే వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.